తలుపులున్న టీవీలో మా రూతత్త

టీవీకి తలుపులుండేవని చెబితే మా అక్క కూతురు నమ్మలేదు. "ఎందుకు మామా, లోపలోళ్లు బయటికి రాకుండనా?" అని అడిగింది. బయటున్న మేము లోపలికి పోకుండా, అన్నాను. జోకనుకుని నవ్వింది. తాత ఉండి ఉంటే నవ్వేవాడు కాదు. ఆయన ఇంట్లో అది చట్టం.

తాత పోయిన నెలకు ఆదరణ కూడిక పెట్టుకున్నాం. నారాయణఖేడ్‌లో మా ఇల్లు చిన్నది, చుట్టరికం పెద్దది. జనాన్ని కూర్చోబెట్టడానికి వెనక గది ఖాళీ చేస్తుంటే ఉల్లిగడ్డల బస్తా కింద ఆ చెక్కపెట్టె బయటపడింది. లోపలి టీవీని ఎన్నడో పాత సామాను వాడికి వేసేశాం. పెట్టె మిగిలింది. ముందు రెండు తలుపులు, వాటి మధ్య ఒక చిన్న తాళం, తాళం నిండా తుప్పు. ఎడమ తలుపు కీళ్లకు నాలుగు స్క్రూలుండాలి, మూడే ఉన్నాయి. నాలుగోది ఎక్కడుందో నాకు తెలుసు. ముందు గదిలో రెండు బండల మధ్య సందులో ఉంది, ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉంది. పెట్టెను పారేద్దామా అని అమ్మ అడిగింది. ఎవరూ పారేయమనలేదు, ఎవరూ వద్దనలేదు. చివరికి దాని మీద మంచినీళ్ల డ్రమ్ము పెట్టారు. మా ఇంట్లో జ్ఞాపకాలకు ఇంతకంటే మర్యాద జరగదు.

మా తాత చర్చిలో గంట కొట్టేవాడు. కొట్టాక లోపలికి వచ్చి తలుపు పక్కన, అందరికంటే వెనక, ఒక స్టూలు మీద కూర్చునేవాడు. జీవితమంతా అదే స్టూలు. అంటే జీవితమంతా ఆయన చూసింది జనం వీపులు. ఎదురుగా నిలబడే పాస్టరు అయ్యగారు ముఖాలు చూసి ఎవరొచ్చారో చెప్పేవాడు, తాత వీపులు చూసి ఎవరు రాలేదో చెప్పేవాడు. ఎవరి భుజం ఒక వైపు వాలింది, ఎవరి నడుము పట్టేసింది, ఎవరు ఇంట్లో గొడవపడి వచ్చి బెంచీ మీద బిగుసుకు కూర్చున్నారు, అన్నీ ఆయనకు తెలిసిపోయేవి. ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి జొన్నరొట్టె తుంచుకుంటూ, ఫలానా వాడికి ఎడమ భుజం నొస్తుంది, దవాఖానకు పోతలేడు అనేవాడు. ఆ ఫలానా వాడు రెండు రోజులకు భుజం పట్టుకుని దవాఖానలో కనిపించేవాడు. అదే మనిషి బజారులో ఎదురుపడితే మాత్రం తాత పోల్చుకోలేక తికమకపడేవాడు. కొంచెం వెనక్కి తిరుగు నాయనా అని అడగడం బాగుండదు కదా.

ఆ టీవీని మా నాన్న తెచ్చాడు. సెకండ్ హ్యాండ్, బ్లాక్ అండ్ వైట్. తాత మూడు రోజులు దానితో మాట్లాడలేదు, నాన్నతోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు రాజీ కుదిరింది. వడ్లాయన చేత తలుపుల పెట్టె చేయించాలి, దానికి తాళం వేయాలి, తాళంచెవి తాత మొలతాడుకు ఉండాలి. వార్తలకు, బైబిల్ కథలొస్తే వాటికి తెరవొచ్చు. ఆదివారం పొద్దంతా మూసే ఉండాలి, పైన అవ్వ కుట్టిన పువ్వుల గుడ్డ కప్పాలి. ఆదివారం నాడు అది టీవీలా కాకుండా బీరువాలా కనబడాలని ఆయన పట్టు. మిగతా రోజుల్లో సాయంత్రం ఆయన మొలతాడు వెతుక్కుంటుంటే మేం పిల్లలం వరసగా కూర్చునేవాళ్లం. తలుపులు తెరుచుకునేవి, నాన్న గుండ్రటి మీట తిప్పేవాడు, కాసేపటికి దుమ్ము కాలుతున్న వాసన వచ్చేది. ఆ వాసన వచ్చిందంటే బొమ్మ వస్తున్నట్టు. ఇప్పుడు నా ఫోన్‌లో లోకంలోని సినిమాలన్నీ ఉన్నాయి. ఏది చూడాలో తేల్చుకోలేక వేలితో గంటసేపు జరిపి జరిపి నిద్రపోతాను. అప్పుడు మాకు వార్తలు తప్ప దిక్కులేదు గనుక రాజధానిలో వానలు పడుతున్నాయన్నా గుడ్లప్పగించి వినేవాళ్లం. మొక్కజొన్న ధర చదివే ఆవిడ మీద మా నాన్నకు ప్రత్యేకమైన అభిమానం ఉండేదని అమ్మకు ఇప్పటికీ అనుమానం. మా ఇంట్లో మొక్కజొన్న వేసింది లేదు.

రూతత్త మా నాన్నకు చెల్లెలు. ఇంట్లో సినిమా పిచ్చి ఆమె ఒక్కతెకే ఉందని తాత నమ్మకం. నిజానికి దాచుకోవడం చేతకానిది ఆమె ఒక్కతెకే. ఒక ఆదివారం ప్రసంగం మొదలవగానే పక్క తలుపులోంచి జారుకుని టాకీసుకు పోయింది. ఆడవాళ్ల వైపు మూడో బెంచీలో ఒక వీపు తగ్గింది. తాత స్టూలు మీది నుంచి లేచాడు. ఆరాధన మధ్యలో ఆయన లేవడం చర్చి చరిత్రలో అదే మొదలు. టాకీసు గేటు ముందు, గొడుగు చేత్తో పట్టుకుని, ఆట వదిలేదాకా నిలబడ్డాడు. జనంతో పాటు కళ్లు నులుముకుంటూ అత్త బయటికొచ్చింది. అందరూ వింటుండగా ఆయన అన్నాడు.

"అంత పానం గొట్టుకుంటే గా సినిమాలనే ఉండుపో. మల్ల నా గడప తొక్కకు."

మర్నాడే ఆమె సిర్గాపూర్ నుంచి కూలి పనులకు పోయే ఆడవాళ్ల జట్టుతో కలిసి హైదరాబాద్ బస్సెక్కింది. తాత మాటను ఉన్నదున్నట్టు పాటించిన మనిషి మా వంశంలో ఆమె ఒక్కతే.

తర్వాత ఇంట్లో ఆ పేరు పలకకూడదన్నది రెండో చట్టం. తినే ముందు తాత ప్రార్థన చేసేవాడు, ఇంటిల్లిపాది పేర్లు వరసగా చెప్పి కాపాడమనేవాడు. మా నాన్న పేరు అయ్యాక, అమ్మ పేరుకు ముందు, ఒక్క క్షణం ఆగేవాడు. ఆ చోట ఎప్పుడూ ఆగేవాడు. నేను చాలాకాలం అది దమ్ము జబ్బనుకున్నాను.

నాలుగేళ్లు అట్లా గడిచాయి. కబురు లేదు, ఫోటో లేదు. అప్పుడొక సంత రోజున సిర్గాపూర్ చంద్రమ్మ, అత్త ఏ జట్టుతో పోయిందో ఆ జట్టు మనిషి, మా అవ్వను మిరపకాయల కుప్పల చాటుకు పిలిచి చెవిలో చెప్పింది. రూతు సినిమాలో పడింది. ఫలానా సినిమా. అందులో బజారు సీనుంది. హీరో రౌడీని కొడితే వాడు పోయి టమాటాల బండి మీద పడతాడు. దానికి ముందు కొందరు ఆడవాళ్లు గంపలెత్తుకుని పోతారు, వాళ్లలో రూతుంది. అవ్వకు సినిమా సంగతి సగమే ఎక్కింది. బిడ్డ ఎట్లుంది అని అడిగింది. మంచిగనే ఉంది అని చంద్రమ్మ నేల దిక్కు చూసి చెప్పి, కొంగుముడి విప్పి మళ్లీ కట్టుకుంది.

అవ్వ ఇంటికొచ్చినప్పటి నుంచి ఆ కొంగుముడి దగ్గరే ఆగిపోయింది. "మంచిగుంటే నా మొకం చూసి చెప్పాలె గద. నేల దిక్కు ఎందుకు చూసింది?" అని అమ్మను అడిగేది, నాన్నను అడిగేది, తాత లేకుండా చూసి పొయ్యిని కూడా అడిగేది. బిడ్డను ఒక్కసారి కళ్లతో చూస్తే తప్ప ముద్ద దిగదని తేల్చింది. నిజంగానే దిగడం మానేసింది. సినిమా తీసి ఎన్నాళ్లయిందో, అందులో బాగున్న మనిషి ఇవాళ బాగుండాలని ఏముంది అని తొమ్మిదేళ్ల నాకు తోచింది. చెబితే తంతారని కూడా తోచింది.

మా టాకీసులోంచి ఆ బొమ్మ ఎప్పుడో వెళ్లిపోయింది. కానీ ఒక వారం టీవీలో వచ్చే ఆదివారం సాయంత్రం వేసే సినిమా పేరు చెప్పారు. అదే పేరు. తాత అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఆ పేరు పేరు కాదు, వార్తల తర్వాత వచ్చే చప్పుడు. అవ్వ చేతిలోని చాట కింద పడింది. ఎలుక, అంది. మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లను ఎలుకలే కాపాడాయి.

ఆదివారం మూడింటికి తాత కంగ్టిలో ఒకరింట ప్రార్థనకు పోవాలి, చీకటి పడ్డాక వస్తాడు. ఆ మేరకు దేవుడు మా వైపే. తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుతో పాటు కంగ్టి పోతుంది. నాన్న పెట్టె చుట్టూ రెండు రోజులు తిరిగాడు. "తాళం పలగ్గొడితే ఆయన నన్ను పలగ్గొడ్తడు," అన్నాడు. చివరికి అమ్మ చెప్పింది, తాళం జోలికి ఎందుకు, తలుపే విప్పు అని. అట్ల ఆ ఆదివారం తాత వీధి మలుపు తిరిగీ తిరగగానే నాన్న కూరగాయల కత్తి మొనతో ఎడమ తలుపు స్క్రూలు విప్పి జేబులో వేసుకున్నాడు. తలుపు కీళ్ల దగ్గర ఊడింది, తాళంతో అతుక్కునే ఉండి కుడి తలుపుతో పాటే పక్కకు తెరుచుకుంది. తాళం దాని చోటులో అది పదిలంగా ఉంది. అది కాపాడాల్సినదే లేదు.

నాన్న మేడెక్కి ఏంటెనా తిప్పాడు. అమ్మ గుమ్మంలో నిలబడి వచ్చింది, పోయింది, వచ్చింది అని చెబుతూ ఉంది. వీధి తలుపు దగ్గరికి వేశాం, గొళ్లెం పెట్టలేదు. పొద్దుగూకకముందే గొళ్లెం పెడితే ఎవరో పోయారని జనం వస్తారు. బొమ్మ కుదిరాక నాన్న దిగివచ్చి కూర్చున్నాడు. అవ్వ, అమ్మ, నాన్న, అక్క, నేను. కరెంటు పోతుందేమోనని అవ్వ బల్బు వైపు చూస్తుంది, ఎవరైనా వస్తారేమోనని అమ్మ తలుపు వైపు చూస్తుంది, తెర వైపు చూస్తున్నది అక్కా నేనే. హీరో పాటలు పాడుతున్నాడు. చిన్నగా పెట్టుమని అమ్మ అంది, నాన్న చప్పుడు బాగా తగ్గించేశాడు. హీరోయిన్ ఏడ్చినా వినిపించలేదు. ఒక్కో ప్రకటన వచ్చినప్పుడల్లా బజారు సీను అయిపోయిందా అని అవ్వ అడిగేది. టమాటాలు రాలేదు అవ్వా అనేవాణ్ణి.

గంట దాటింది. సినిమాలో ఎవరో దీపం ఆర్పారు, తెర నల్లబడింది. నల్లటి అద్దంలో మేం అయిదుగురం కనిపించాం, గుండ్రంగా, కొంచెం సాగి. మా వెనక ఆరో మనిషి ఉన్నాడు. తెల్ల ధోతి, చేతిలో గొడుగు.

ఆయన ఎందుకు తిరిగొచ్చాడో తర్వాత తెలిసింది. కంగ్టి ఆటో నిండలేదు. ఆదివారం కావడంతో ఇద్దరే ఉన్నారు, నిండితే గాని కదలనని ఆటో ఆయన అన్నాడు, చూసి చూసి తాత తిరిగొచ్చేశాడు. ఆ క్షణాన మాత్రం నాకు ఆటోలేవీ గుర్తుకు రాలేదు. నేను నోరు తెరిస్తే అందరూ లేస్తారు, టీవీ ఆగుతుంది, అవ్వ బిడ్డను చూడదు. తెరవకపోతే ఆ గొడుగు ఎప్పుడు ఎవరి మీద దిగుతుందో తెలియదు. నా జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. అదొకటి. మెడ బిగుసుకుపోయింది. వీపు మీద ఆయన చూపు ఉన్నట్టే ఉంది. ఆయనకు నా వీపు చూస్తే అన్నీ తెలుస్తాయి కదా అన్నది గుర్తొచ్చి ఇంకా బిగుసుకుపోయాను. గొడుగు కదల్లేదు. ఊపిరి చప్పుడు కూడా రాలేదు.

అప్పుడు బజారు వచ్చింది. గంపలెత్తుకుని పది మంది దాకా ఆడవాళ్లు అటూ ఇటూ పోతున్నారు. వాళ్లలో ఒకామె సరిగ్గా మా వైపే చూసి నవ్వింది.

"అగో," అంది అవ్వ. "అగో నా బిడ్డ. పసుపుచీర."

నాన్న అవునన్నాడు. గదే ముక్కు అని అమ్మ అంది. మా టీవీలో లోకంలోని చీరలన్నీ తెల్లవో బూడిదవో. అత్త ఇల్లు వదిలిన రోజు పసుపుచీర కట్టుకుందని అవ్వకు గుర్తు, అంతే, ఆ మాటతో మా అందరికీ అది పసుపైపోయింది. అవ్వ మోకాళ్ల మీద పాకి పోయి అద్దాన్ని తాకింది, అద్దం చిటపటమంది. మంచిగుంది, బొద్దుగయింది అంటూ ఏడ్చింది. ఈలోగా హీరో వచ్చాడు, రౌడీ ఎగిరి టమాటాల మీద పడ్డాడు.

"అయిందా?" అని వెనక నుంచి వినబడింది.

ఎవరూ తిరగలేదు. తాత ముందుకొచ్చి మీట తిప్పి టీవీ ఆపాడు. పక్కకు తెరిచిన తలుపులను చూశాడు, తాళాన్ని చూశాడు. "తాళం ముట్టలే నాయినా," అన్నాడు నాన్న, న్యాయస్థానంలో చెప్పినట్టు. తాత ఒకటే మాటన్నాడు, బిగియ్యి అని. నాన్న జేబులోంచి స్క్రూలు తీసి ఆయన చేతిలో పోశాడు. ఆయన ఒక్కొక్కటి అందించాడు, నాన్న బిగించాడు. మూడే వచ్చాయి. నాన్న నేల మీద వెతుకుతుంటే, ఉండనీ, అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది, మాకు అలవాటు. ఆ సాయంత్రం ప్రార్థనలో పేర్లు చెబుతూ ఎప్పుడూ ఆగే చోట ఆగాడు. ఎంతసేపటికీ మొదలుపెట్టలేదు. పప్పు చల్లారిపోయింది. చివరికి అమ్మ పేరు చెప్పకుండానే ఆమెన్ అన్నాడు. తర్వాత అవ్వతో, పొద్దున మొదటి బస్సుకు పోవాలె, రొట్టెలు కట్టు అన్నాడు. ఎక్కడికని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మీటింగ్ అని ఆయనే చెప్పాడు.

ఇంటి నుంచి శాశ్వతంగా వెళ్లిపోయాడని అమ్మ, పాస్టరుకు చెప్పి మమ్మల్ని చర్చి నుంచి తీసేయిస్తాడని నాన్న రెండు రోజులు పరేషాన్ అయ్యారు. మూడో రోజు పగలు తాత గొడుగుతో వచ్చాడు. వెనక ఒక రేకు పెట్టె, పెట్టె వెనక రూతత్త.

"బస్సుల కలిసింది," అన్నాడు.

అంతే. ఆ రెండు మాటల మీద ఇంకొక్క మాట కూడా ఆయన ఎన్నడూ చెప్పలేదు. అత్త కొంచెం కుంటుతుంటే ఏమైందని అమ్మ అడిగింది. బస్సు దిగుతుంటే బెణికిందట. ఆ బెణుకు ఇప్పటికీ పోలేదు. తన ప్రార్థన ఫలించిందని అవ్వ, తన కత్తి పనితనమని నాన్న, ఎవరి లెక్క వారు చెప్పుకున్నారు. అవ్వ బతికి ఉన్నంత కాలం ప్రతి క్రిస్మస్‌కు బిడ్డకు పసుపుచీర పెట్టింది. అవ్వ పోయాక అమ్మ పెడుతుంది. అత్త పెళ్లి ఫోటోల్లోనూ, ఆమె కొడుకు బాప్తిస్మం ఫోటోల్లోనూ పసుపే. ఆదరణ కూడికకూ పసుపుచీరలోనే వచ్చింది.

భోజనాలయ్యాక అక్క కూతురు పట్టుబట్టింది, ఆ సినిమా చూపించాల్సిందేనని. ఇన్నేళ్లలో మేం మళ్లీ చూడలేదు. వెతికితే నిమిషంలో దొరికింది. ఆ రోజు మాకు ఒక తలుపు, నాలుగు స్క్రూలు, ఒక ఏంటెనా, రెండు గంటల గుండెదడ కావలసి వచ్చింది. పాటలన్నీ దాటేసి తిన్నగా బజారుకు పోయాం. నాన్న, అమ్మ, అక్క, అత్త, అందరూ ఫోన్ మీదికి వంగారు. నవ్వే ఆమె వచ్చింది. చీర ఆకుపచ్చ. ఎటు తిప్పి చూసినా ఆకుపచ్చే.

"ఫోన్ల రంగులు సక్కగ రావు," అన్నాడు నాన్న.

"గది నేను గాదు అన్నా," అంది రూతత్త, తాపీగా.

మరి ఇన్నేళ్లు చెప్పలేదేమని అమ్మ గట్టిగానే అడిగింది. అవ్వ అంత మురిసిపోతుంటే ఏమని చెప్పాలె, అంది అత్త. పైగా ఆమె ముక్కు తన ముక్కు కన్నా బాగుందట. తర్వాత వేలితో తెర ఎడమ మూల చూపించింది. అక్కడ ఒకామె గంపతో మాకు వీపు పెట్టి పోతుంది. అడుగు వేసినప్పుడల్లా కుడివైపు కొంచెం కుంగుతుంది. కట్టడం దగ్గర సెంట్రింగ్ చెక్క కాలి మీద పడిందని, ఇటుకలు మోయలేక ఆ ఒక్క రోజు షూటింగ్ కూలికి పోయానని, ఇంట్లో చెప్పొద్దని చంద్రమ్మతో ఒట్టేయించుకున్నానని అత్త చెప్పింది. కెమెరా దిక్కు చూడొద్దన్నారట. మిగతా వాళ్లంతా చూశారట. తను చూడలేదట. సినిమా పిచ్చితో ఇల్లు విడిచిన మనిషి సినిమాలో పడిన ఒకే ఒక్క రోజు, సినిమాకు వీపు పెట్టి నడిచింది. ఆ సంగతి మీద ఒక మంచి జోకు తయారుచేసుకుంటున్నాను, ఇంతలో ఆమె అంది.

"నాయినకు ఎరికే."

ఏం ఎరికే అన్నాడు నాన్న.

"సిర్గాపూర్ పోయి చంద్రమ్మ దగ్గర అడ్రసు రాయించుకోని వచ్చిండు. నేను గుడిసె ముంగట కూసోని బియ్యం చెరుగుతున్న. ఎట్లున్నవ్ అనలే, ఎందుకు పోయినవ్ అనలే. ఎనుకపొంటి వచ్చి నిలవడి, కాలుకు ఏమయింది బిడ్డా అన్నడు." అత్త పసుపు కొంగు సర్దుకుంది. "నేను ఇంకా లేసి నిలవడనే లేదు."

 నాన్న వెనక గదిలోని పెట్టె వైపు చూశాడు. నా జోకు నా నోట్లోనే ఉండిపోయింది. ఇంకోసారి మామా, అని అక్క కూతురు అడిగితే వీడియో వెనక్కి జరిపాను. ఈసారి అందరం ఎడమ మూలకే చూశాం. ఒకటి, రెండు, మూడు అడుగులు. ఆ తర్వాత టమాటాలే. ఆ మూడు అడుగులు చూసి తాత రొట్టెలు కట్టమన్నాడు.